బంద్ నేర్చుకున్న పాఠం

ఆ రోజుల్లో మా దగ్గర ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేది ఒకటే సంగతి. ప్రత్యేక రాష్ట్రం వస్తుందా, రాదా, వస్తే ఎప్పుడొస్తుంది. పెళ్ళికి పోయినా అదే, చావుకు పోయినా అదే. పనులన్నీ ఆగిపోయి, బడులు మూతపడి, బస్సులు డిపోల్లో నిలబడిపోయిన ఆ సమ్మె రోజుల్లో మనిషన్నవాడు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు. రోడ్డు మీద వంటలు చేశారు, పట్టాల మీద పడుకున్నారు, బతుకమ్మలాడారు, కబడ్డీ ఆడారు. అంత పెద్ద పనిలో లోకమంతా తలమునకలై ఉంటే నేను మాత్రం నెల్లికుదురులో ఒక అద్దె ఇంటి పెరట్లో కూర్చుని, ఓ కుక్కపిల్ల ఎప్పుడు ఒంటికి పోతుందా అని రాత్రిళ్ళు ఎదురుచూశాను. ఈ మాట ఇన్నేళ్ళకు కూడా కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నాను. (పగలు దీక్షా శిబిరంలో కూర్చున్నాను. హాజరు పుస్తకంలో నా సంతకం ఉంది. కావాలంటే చూసుకోవచ్చు.)

మాది నర్మెట్ట. టీచరు ఉద్యోగం వచ్చి, ఇల్లు వదిలి నెల్లికుదురు వచ్చి అప్పటికి నిండా మూడు నెలలు కాలేదు. ఊళ్ళో పేరున్న రైతు కుటుంబం వాళ్ళింట్లో ఒక అర్ర అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటికి పెద్దదిక్కు అవ్వ. ఆమె కొడుకును ఊరంతా పటేలన్న అనేది, నేనూ అదే అన్నాను. ఆయన వ్యవసాయం పాలేరుకు, మనసు రాజకీయానికి అప్పగించి, ఇంటికెదురుగా వేసిన దీక్షా శిబిరంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా మైకు ముందే ఉండేవాడు. బడి మూతపడింది, ఊరికి పోదామంటే బస్సుల్లేవు. చీకటి పడగానే ఆ అర్రలో నాకు ఏడుపొచ్చేది. పిల్లలకు ధైర్యం గురించి పాఠం చెప్పిన నోటితోనే వెక్కివెక్కి ఏడ్చేదాన్ని. మా బడిలో మధ్యాహ్నం వంట చేసే తండా అక్క ఒకరోజు శిబిరంలో నా కళ్ళు చూసి, మర్నాడు కొంగులో ఏదో కట్టుకొచ్చింది. విప్పితే గుప్పెడంత గోధుమరంగు కుక్కపిల్ల. "నీకు తోడుంటది టీచరమ్మా, రాత్రి భయమనిపియ్యదు" అంది. ఊరు బందున్న రోజు వచ్చిందని శిబిరంలో వాళ్ళు దానికి 'బంద్' అని పేరు పెట్టేశారు.

అవ్వ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చేటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"గదేంది బిడ్డా?"

"కుక్కపిల్ల అవ్వా."

"కండ్లు కనవడుతున్నయి తియ్యి. ఇంట్లకెందుకచ్చిందని అడుగుతున్న."

నేను దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అవ్వ నా మొహం చూసింది, దాని మొహం చూసింది. ఇద్దరిలో ఎవరి మొహం ఎక్కువ దీనంగా కనబడిందో తెలియదు. "సరే ఉండనియ్. ఇంక పన్నెండు దినాలల్ల పెత్రామాస. మా పెద్దలకు బియ్యమిచ్చే పొద్దు, ఇల్లు కడిగినట్టుండాలె. అప్పటిదాన్క నేర్పుకో. ఆ పొద్దు నా ఇంట్ల నేల మీద ఒక్క బొట్టు వడ్డా గది తండకు వాపసు పోవాలె. నేనూరుకుంట గని మా అత్త ఊరుకోదు" అంది. (ఆ అత్త పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా ఆ ఇంట్లో ఆమెకు భయపడ్డట్టు ఇంకెవరికీ భయపడరు.)

నేను పెద్దగా బెదరలేదు. టీచరు శిక్షణలో పిల్లల మనస్తత్వం అనే పేపర్లో నాకు మంచి మార్కులొచ్చాయి. కాగితం తీసి పాఠ్య పథకం రాసుకున్నాను. లక్ష్యం, బోధనోపకరణాలు, మూల్యాంకనం అన్నీ రాశాను. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి ఫోనులో అలారం పెట్టాను. మొదటి రాత్రి పదింటికి దాన్ని పెరట్లోకి తీసుకుపోతే అరగంట సేపు నా చున్నీతో ఆడుకుని, లోపలికి రాగానే చాప పక్కన కానిచ్చింది. పన్నెండింటికి మళ్ళీ తీసుకుపోయాను. అప్పుడు మందార చెట్టు కింద పడుకుని నిద్రపోయింది. లోపలికి తెచ్చేసరికి లేచి మళ్ళీ చాప పక్కనే. నాలుగో రాత్రికి దానికి ఒక విషయం బాగా అర్థమైంది. పెరడున్నది ఆడుకోవడానికి, అర్ర ఉన్నది మిగతా పనికి. నేను నేర్పింది దానికి వచ్చింది, నేను అనుకున్నది మాత్రం రాలేదు. తర్వాత ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలామంది పిల్లల విషయంలో కూడా ఇదే జరిగింది కాబట్టి తప్పు దానిదని అనలేను.

ఇంకో ఇబ్బంది దాని పేరుతో వచ్చింది. అది చీకట్లో గడ్డివాము వెనక్కి దూరితే నేను పెరట్లో నిలబడి "బంద్, బంద్" అని పిలిచేదాన్ని. పక్కన చాయ్ హోటలాయన నిద్రలో ఆ పిలుపు విని తెల్లారి హోటలు తెరవలేదు. పొద్దెక్కాక శిబిరానికి వచ్చి "గీ బంద్ ఎవలు పిలిచిన్రే, నాకు ముందుగాల ఎవలు చెప్పలే" అని పటేలన్నతో తగువు పెట్టుకున్నాడు. నేను తల వంచుకుని ఆ రోజు నినాదాలు మామూలు కంటే కొంచెం గట్టిగా ఇచ్చాను.

ఐదో రాత్రి అవ్వ మంచం మీదినుంచే కేకేసింది. "ఏం జేస్తున్నవ్ బిడ్డా గింత రాత్రి?"

"బంద్‌కు ఒంటికి పోవుడు నేర్పుతున్న అవ్వా."

"నువ్వు తెలుగుల చెప్తె దానికేం తెలుస్తది? పసివోల్లకు ఎట్ల చేస్తం? కాళ్ళ మీద కూసోవెట్టుకొని సుస్స్, సుస్స్ అనమా? సదువుకున్నవు, గింత తెల్వదా?"

నిజమే. మా తమ్ముణ్ణి మా అమ్మ అలాగే చేయించేది. నేను పెరట్లో రాయి మీద కూర్చుని, బంద్‌ను ఎదురుగా నిలబెట్టి, వంగి దాని చెవిలో "సుస్స్" అన్నాను. అది ఒకసారి నా వైపు చూసింది. తర్వాత బుద్ధిగా కూర్చుని ధార కట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటి జీతం అందుకున్నప్పుడు కూడా అంత సంతోషపడలేదు. మూడు రాత్రులు గడిచేసరికి 'సుస్స్' అనడం ఆలస్యం, పని అయిపోయేది. "అవ్వా, నేర్చింది" అని గొప్పగా చెప్పాను. "చూస్తగా" అంది అవ్వ.

ఆ మర్నాడు పొద్దున అన్నానికి కుక్కరు పెట్టాను. కుక్కరు కూత వేసింది. బంద్ నా మొహంలోకి నమ్మకంగా చూసి, పొయ్యి ముందరే కూర్చుని తన పని ముగించింది.

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. నేను దానికి ఎక్కడ పోయాలో నేర్పలేదు, ఎప్పుడు పోయాలో నేర్పాను. దాని లెక్కలో ప్రపంచంలో ఎవరు 'స్స్' అన్నా అది ఆజ్ఞే. పెనం మీద నీళ్ళు చల్లినా ఆజ్ఞే, సైకిలు ట్యూబులోంచి గాలి పోయినా ఆజ్ఞే. నేను అవ్వకు చెప్పలేదు. రహస్యంగా తుడిచి, కుక్కరును అటక మీదికెక్కించి, గిన్నెలో అన్నం వండుకుని, అడుగంటింది కొంత, పలుకైంది కొంత తింటూ కాలం గడిపాను. ఇప్పుడు మాన్పించడానికి టైము లేదు. బంద్ తండాకు పోతే మళ్ళీ ఆ అర్రలో నేనొక్కదాన్నే.

పెత్రామాస వచ్చింది. తెల్లవారుజామునే బంద్‌ను పెరట్లో కట్టేశాను. ఒకపక్క అవ్వ లోపల పూజ సామాను సర్దుతోంది. సరిగ్గా అదే సమయానికి మానుకోట నుంచి ఒక పెద్ద నాయకుడు శిబిరానికి వచ్చాడు. పటేలన్న ఆయన్ను చాయ్ కోసం ఇంటికి పిలుచుకొచ్చాడు. వెనక నలభై మంది. ఆయనవి తెల్లటి బట్టలు, ఇస్త్రీ మడత చెదరలేదు. వసారాలో కుర్చీ వేశారు. శిబిరంలో వాళ్ళెవరో "సార్, మా ఊర్ల ఒక కుక్కపిల్ల పేరే బంద్" అని చెప్పారు. ఆయన ముచ్చటపడి "యాడుంది, పట్టుకరాండ్రి, ఫోటో దిగుదాం" అన్నాడు. నేను వద్దనేలోపలే దాన్ని విప్పి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టారు. జనం ఊగిపోయి నినాదాలు మొదలుపెట్టారు. పటేలన్న ఆయన చెవిలో "లోపట అమ్మ పూజ జేస్తున్నది సార్, జర నెమ్మది" అన్నాడు. నాయకుడు చేయి ఎత్తాడు. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"సార్, వద్దు సార్" అన్నాను నేను.

"శ్శ్శ్" అన్నాడాయన, నిండుగా, గుండెల నిండా గాలి పీల్చుకుని.

బంద్ ఆయన ఒళ్ళోనే ఆజ్ఞ పాటించింది, నినాదాలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఆయన కోరుకున్నదే, కానీ ఈ రకంగా కాదు. అవ్వ గుమ్మంలోకి వచ్చింది. నాయకుడి ఒడి చూసింది, బంద్‌ను చూసింది, నన్ను చూసింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను. "మాటంటే మాటే అవ్వా, పొద్దుగూకేలోపు తండకు పంపిస్త" అన్నాను. అవ్వ వంగి కుర్చీ కింద అరచేత్తో నేల తడిమి చూసింది. అటు తడిమింది, ఇటు తడిమింది. లేచి నిలబడి, నలభై మంది వింటుండగా చెప్పింది.

"ఎందుకు పంపుడు? నా ఇంట్ల ఒక్క బొట్టు వడలే. నేల పొడిగనే ఉన్నది. పోసింది సార్ మీద, సార్ మా ఇంటోడు కాదు."

నాయకుడే ముందుగా నవ్వాడు. అవ్వ పెట్టెలోంచి పెనిమిటి ధోతి తీసి ఇస్తే అది కట్టుకుని శిబిరానికి పోయాడు. ఆ వేషం చూసి జనం, మన రైతు కట్టు కట్టుకున్నాడని చప్పట్లు మోగించారు.

రెండేళ్ళ తర్వాత నాకు చిట్యాలకు బదిలీ అయింది. సామాను ఆటోకెక్కించి బంద్ కోసం పోతే అవ్వ దాని మెడ మీద చెయ్యేసి వసారాలో కూర్చుని ఉంది. "బదిలీ నీకైంది బిడ్డా, దీనికి గాలేదు" అంది. నేను దాని తల నిమిరి ఆటో ఎక్కాను. ఆ రెండేళ్ళలో పటేలన్న ఇంటి పట్టున ఉండక, ఒంటరితనం నాకు తగ్గి అవ్వకు పెరిగిందని నాకు తెలుసు. ఆటోలో చాలాదూరం ఏడ్చాను, కానీ ఇది నర్మెట్ట పిల్ల చీకటికి భయపడి ఏడ్చిన ఏడుపు కాదు.

ఇప్పటికీ స్టాఫ్ రూములో ఎప్పుడైనా ఉద్యమం సంగతులొస్తాయి. ఒకాయన లాఠీ దెబ్బ చూపిస్తాడు, ఒకామె పట్టాల మీద పడుకున్న కథ చెబుతుంది. చివరికి నన్నడుగుతారు, "మేడం, మీరేం చేసిన్రు" అని. "నేను రాత్రిళ్ళు మేలుకున్న" అంటాను. అందరూ గౌరవంగా తలలూపుతారు. ఆ గౌరవాన్ని కాదనడానికి నాకు ఇంతవరకు మనసొప్పలేదు.