తుడిచినా పోని మసక

2019 వర్షాకాలం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న సాల్వెంట్ రికవరీ యూనిట్‌లో నేను ప్రాసెస్ కెమిస్టుని. మందుల ఫ్యాక్టరీలు వాడి వదిలేసిన ద్రావకాలను శుద్ధి చేసి మళ్ళీ వాడకానికి పంపడం మా పని. చీపురుపల్లి నుంచి రోజూ బైకు మీద వెళ్ళేవాణ్ణి.

మాకు ఎక్కువగా వచ్చేది టోలుయీన్, హెప్టేన్ కలిసిపోయిన సరుకు. రెండూ మరిగే ఉష్ణోగ్రతలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి మరిగించి విడదీయడం కష్టం. అయానిక్ లిక్విడ్‌తో ప్రయత్నిద్దామని నేనే ప్రతిపాదించాను. మామూలు వేడిలోనే ద్రవంగా ఉండే లవణం అది. మిశ్రమంలో పోసి కలిపితే టోలుయీన్‌ను తనలోకి లాక్కుని అడుగుకు చేరుతుంది. హెప్టేన్ పైన తేలుతుంది. ఆ అడుగు పొరను వేడిచేస్తే టోలుయీన్ ఆవిరై బయటికి వస్తుంది. అయానిక్ లిక్విడ్ మాత్రం ఆవిరి కాదు, వాసన రాదు, మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. దాని మీద నాకు మోజు తలకెక్కింది.

గాజు పరికరాలు నడిపే ఆపరేటర్ సూరయ్యది నౌపడ. వాళ్ళింట్లో అందరూ ఉప్పు మడుల్లో పనిచేసినవాళ్ళే. మొదటిరోజు ఆ ద్రవం డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"ఏటి సార్, వాసనే లేదు! ఏటిది?"

"ఉప్పే సూరయ్యా. నీళ్ళు కలపకుండానే నీళ్ళలా ఉండే ఉప్పు."

"ఉప్పా! అయితే పులుసులో ఏసీగలమేటి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "పులుసులో వద్దుగానీ, దీనికి గ్లోవ్స్ అక్కర్లేదులే" అన్నాను. చిన్నప్పటి నుంచి ఉప్పులో చేతులు పెట్టినవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు.

మేం వాడిన రకంలో ఫ్లోరిన్ ఉంది. దానికి తడి తగిలి, పదేపదే వేడెక్కితే కొద్దికొద్దిగా విరిగి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పుడుతుంది. ఈ సంగతి నేను చదివినదే. అందుకే ప్రతి బ్యాచ్‌కూ ముందు తేమ పరీక్ష చేయాలి. ఆ వానల్లో పరీక్ష చేసే యంత్రం పాడైంది. బాగయ్యేదాకా ఆగకుండా బ్యాచ్‌లు నడిపించేశాను.

ఒక ఉదయం గాజు పాత్ర ఖాళీ చేసి సూరయ్య నన్ను పిలిచాడు. "సార్, గాజు మసకేసీసింది. ఎంత తుడిసినా పోదేటి?"

"మరకలే. లోపల చెయ్యి పెట్టి గట్టిగా రుద్దు."

తడిగుడ్డతో, వట్టి చేత్తో రుద్దాడు.

మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి వచ్చాడు. "సేతి ఏళ్ళు సలుపుతన్నాయి సార్. సూడ్డానికేటీ లేదు."

నిజమే. ఎరుపు లేదు, బొబ్బ లేదు. అయితే ఏమీ కాదులే అనబోయి, ఆ మసక గుర్తొచ్చి ఆగిపోయాను. అది మరక కాదు. యాసిడ్ గాజును తినేసింది. ఆ యాసిడ్ పైకి ఏమీ చూపించకుండానే లోపలికి దిగి ఎముక దాకా పోగలదు. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ జెల్. అసలు ఆ యాసిడ్ మా దగ్గర లేదనుకున్నాం కాబట్టి, ఆ జెల్ కూడా మా దగ్గర లేదు.

చెయ్యి కుళాయి కింద చాలాసేపు పట్టించి, జీపులో విజయనగరం బయల్దేరాం. దారి పొడవునా వాన. సూరయ్య చెయ్యి గుండెలకు అదుముకుని కూర్చున్నాడు. "ఉప్పుకి ఇంత మంటేటి సార్?" అన్నాడు. ముందున్న బస్సును డ్రైవర్ దాటలేకపోతుంటే అతని మీద అరిచాను.

ఆసుపత్రిలో ఏం తగిలిందని డాక్టరు అడగ్గానే యాసిడ్ పేరు చెప్పాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే. కాల్షియం ఇంజెక్షన్లతో వేళ్ళు దక్కాయి. రెండు గోళ్ళు ఊడిపోయాయి. చూపుడువేలి కొసకు స్పర్శ తిరిగి రాలేదు.

ప్రమాద నివేదిక నేనే రాశాను. కారణం: ఆపరేటర్ గ్లోవ్స్ ధరించలేదు. రాసి సంతకం పెట్టాను. సూరయ్యను ప్లాంటు లోంచి తీసి గేటు దగ్గర కాపలాకి వేశారు. కొన్నాళ్ళకి మానేసి ఊరికి వెళ్ళిపోయాడు.

నిరుడు నౌపడ వెళ్ళి, నివేదికలో అబద్ధం రాశానని అతనితో చెప్పాను.

"నాకెందుకు సార్ సెప్తారు? నాకు తెల్సు కదా. తెలీనోళ్ళకి సెప్పండి."

గాజు మసకబారితే ముందు మనిషి చేతిని బయటికి తీయించాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. పనిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగేది అది. తెలియనివాళ్ళకి చెప్పాల్సింది మరొకటి ఉంది. సూరయ్య గ్లోవ్స్ మరిచిపోలేదు. వద్దన్నది నేను.