కంపెనీ నేల, మా రోలు

నాన్న పనిచేసే ఉక్కు ప్లాంటు ఇచ్చిన క్వార్టర్లో వంటిల్లు ఎంతంటే, అమ్మ దోసె తిరగేయాలంటే నేను గుమ్మంలోకి జరగాలి. ఆ జానెడు చోటులోనే అమ్మ పుట్టింటి రుబ్బురోలు ఉండేది. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ వాళ్ళ ఊరికి రైల్లో తెచ్చుకున్నది. రుబ్బుతుంటే కదులుతోందని నాన్న దాన్ని నేలలోకి దింపి, చుట్టూ సిమెంటు పోసేశాడు.

"రేపు క్వార్టరు కాళీ చేసీమంటే ఏటి చేస్తారండీ?" అని అమ్మ ఆనాడే అడిగిందట.

"రిటైరయ్యీది నేను గానీ రోలు కాదు కదేటే!" అన్నాడట నాన్న.

ఆయన జోస్యాల్లో నిజమైంది ఇదొక్కటే.

నా చదువు ఆ రోలు పక్కనే సాగింది. అమ్మ రుబ్బుతుంటే నేను ఎక్కాలు బళ్ళో నేర్పినట్టు హిందీలో అప్పజెప్పేవాణ్ని. మళ్ళీ తెలుగులో చెప్పమన్నప్పుడు తడబడితే పిండి చేత్తోనే మొట్టికాయ. తలంటు వేరే అక్కర్లేకపోయేది. కిటికీ తీస్తే ప్లాంటు ఎర్రదుమ్ము వచ్చి పిండి మీద వాలేది. "అందరూ ఐరన్ బిళ్ళలు కొనుక్కుంటారు, మనకి దోసెలోనే వచ్చీసింది" అనేవాడు నాన్న.

నిరుడు ఆయన రిటైరయ్యాడు. అదే ఊళ్ళో, ఖుర్సీపార్‌ పేటలో, మూడో అంతస్తులో అద్దెకు రెండు గదులు దొరికాయి.

"మంచాలొగ్గీండి, బీరువా ఒగ్గీండి. నా రోలు మాత్రం తెచ్చీండి" అంది అమ్మ. మిక్సీ ఉంది కదా అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

మేస్త్రీని పిలిచాం. ఆయన ఉలితో చుట్టూ కొట్టి చూసి, "వాహ్, బడా మజ్‌బూత్ కామ్ హై! కౌన్ కియా?" అని, ఇంత గట్టి పని ఎవరు చేశారా అని మెచ్చుకున్నాడు. నాన్న గోడ కేసి చూశాడు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన పనిని ఎవరైనా మెచ్చుకోగా నేను విన్నది అదే మొదలు.

మేస్త్రీ సుత్తి ఇంకాస్త గట్టిగా వేశాడు. రోలు అంచు నుంచి అడుగుదాకా చీలిపోయింది. సిమెంటు చెక్కు చెదరలేదు.

"టూట్ గయా" అన్నాడు మేస్త్రీ, మాకు కనబడదేమోనని.

"నానే ఎదవ పని చేసేను" అన్నాడు నాన్న.

అమ్మ పొత్రం కడిగి, పాత చీరలో చుట్టి, తనే ఎత్తుకుంది.

ఇప్పుడది మూడో అంతస్తులో, గాలికి తలుపు కొట్టుకోకుండా ఆనించి ఉంది. మిక్సీ పిండితో దోసెలు బాగానే వస్తున్నాయి. నాన్నా నేనూ తింటున్నాం. అమ్మకి ఈమధ్య ఉప్మా అంటే ఇష్టం పుట్టింది.