ఉప్పు లైటు మీద నల్ల టేపు

ఏడో తరగతిలో మా లెక్కల సారు నా పేపరు చూసి, "నువ్వు హోటల్లో ప్లేట్లు కడుక్కుని బతుకుతావురా" అన్నాడు. ఆయన జోస్యం తప్పించాలని ఆ ఏడే బడి మానేశాను. ఇప్పుడు మా ఇంట్లో ప్లేట్లు మిషను కడుగుతుంది. ఆ మిషన్ని నేను కడుగుతాను.

అల్లూరు పక్కన రొయ్యల గుంటల్లో నీళ్ళకి గాలి కలుపుతూ తిరిగే ఏరియేటర్ల మోటార్లు బాగుచెయ్యడం నా పని. ఒక కంపెనీ గెస్ట్‌హౌస్ ఖాళీ చేస్తూ, ఎప్పుడో విదేశీ ఇంజినీరు వాడిన డిష్‌వాషర్ని పాత ఇనుములో పడేస్తుంటే ఆటోలో వేసుకొచ్చాను. వయసులో నాకు తమ్ముడవుతుందేమో. పంపు బిగుసుకుపోయింది. తలుపు రబ్బరు అప్పడంలా విరిగింది. నీళ్ళు చిమ్మే రెక్కల చిల్లులు పూడిపోతే పిన్నీసుతో ఒక్కొక్కటే పొడిచాను. అరలకి తుప్పు గీకి రంగు వేశాను.

అంతవరకూ మా ఇంట్లో గిన్నెలు అక్కవి. బావ సముద్రంలో పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. తోమమని ఎవరూ చెప్పలేదు. తోమకుండా కంచం ముందు కూర్చున్న పూటా లేదు. తమ్ముడింట్లో ఊరికే తినడం లేదని చెప్పుకోవడానికి ఆమెకున్న సాక్ష్యం ఆ గిన్నెలే.

అది నాకు తెలుసు. అయినా మిషను మొదటిసారి తిరిగిన రోజు నోరు ఊరుకుంటేనా!

"అక్కా, ఇంక నీకు రిటైర్మెంటు. దండేసి శాలువా కప్పమంటావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు చాటున మా ఆవిడ అసలు మాట వదిలింది. "చిట్టమూరులో మీ చెల్లెలికి పసిబిడ్డతో చెయ్యి ఆడటం లేదంట వదినా. ఆడికి పోయి ఉండరాదా? ఈడ నీకింక పనేముండాది?"

అక్క నా వైపు చూసింది. ఏదో అనబోయింది.

"పో అక్కా, భయపడమాక. ఆడ మిషను లేదులే" అన్నాను. మళ్ళీ నవ్వారు.

మిషను ముఖం మీద ఒక ఎర్ర లైటు మాత్రం ఆరడం లేదు. నెల్లూరులో తెలిసిన మెకానిక్కుకి ఫోన్ చేస్తే, "దాంట్లో ఉప్పు అయిపోయిందన్నా, పొయ్యి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా బోరు నీళ్ళతో అన్నం వండితే వేరే ఉప్పు అక్కర్లేదు. సముద్రం పక్కన కాపురముండి మిషనుకి ఉప్పు కొనిపెట్టాలా? లైటు మీద నల్ల టేపు అతికించాను.

కంచాలు రోజురోజుకీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. అక్క బట్టల సంచి సర్దుకుని బయలుదేరిన రోజు పొద్దున మిషను తలుపు తీస్తే, చేపల పులుసు గిన్నెలు చల్లటి నీళ్ళలో నూనె తేలుతూ అట్లాగే ఉన్నాయి. నీళ్ళు కాచే హీటరు సున్నం పట్టి రాయైపోయింది.

"వదినా, ఈ పూటకి ఇయ్యి తోమేసి పోరాదా? బస్సులేడికి పోతాయి" అంది మా ఆవిడ.

అక్క సంచి కింద పెట్టింది. కుచ్చెళ్ళు ఎగదోపుకుని అన్నీ తోమి బోర్లించింది. చేతులు తుడుచుకుని సంచి ఎత్తుకుంది. ఎవరమూ ఆపలేదు.

తర్వాత నిమ్మ ఉప్పు వేసి తిప్పి హీటరు పెచ్చులు రాల్చాను. నీళ్ళలో సున్నం గిన్నెలకి పట్టకుండా లాగే డబ్బా ఒకటి అడుగున ఉంది. ఉప్పు దానికట. తెప్పించి నింపాను. టేపు పీకి చూస్తే లైటు ఆరిపోయింది. కంచాలు తళతళలాడాయి. ఆ సంతోషంలో అక్కకి ఫోన్ చేశాను.

"ఉప్పు పెట్టలేదని అలిగిందంట అక్కా! ఇప్పుడు మన ఉప్పు తిని బుద్ధిగా పని చేస్తాంది, అచ్చం నీ మాదిరే."

అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. దాన్ని ఊరుకోబెట్టి, అక్క నింపాదిగా అంది:

"అవున్రా అబ్బయా. అది లైటు వెలిగిస్తే టేపేసినావు. నేను నోరు తెరిస్తే జోకేసినావు."