మగ్గమెక్కిన క్రీము

వనపర్తి నుంచి గద్వాలకు కోడలిగా వచ్చిన కొత్తలో ఇంట్లోనే క్రీములు చేయడం నాకొక పిచ్చి. కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి, నూనె పాతబడి ముక్కవాసన రాకుండా విటమిన్ ఇ గోలీలు పిండేదాన్ని. క్రీము జిడ్డుగా తేలినా సరే, ఒక్క గోలీ చాలిన చోట మూడు వేసేదాన్ని. అవి యాంటీ ఆక్సిడెంట్లనీ, చర్మానికి మేలనీ అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని. డబ్బా మూత తీస్తే చాలు, మా ఆయన ముఖం చాటేసేవాడు.

మా అత్తమ్మ చీరలు నేస్తుంది. వేళ్ల గరుకుకు పట్టుపోగులు తగులుకుంటున్నాయంటే ఒక డబ్బా ఇచ్చి, "పొద్దున్నే రాసుకోండ్రి అత్తమ్మా" అన్నాను. ఆమె రాసుకుని నేరుగా మగ్గమెక్కింది.

కాసేపటికి పిలుపు వచ్చింది. "పిల్లా, జర గిటు రా. ఏం ఇచ్చినవే నాకు?"

మగ్గం మీద సగం నేసిన తెల్లచీర నిండా వేళ్ల జిడ్డు మరకలు. అది పెళ్లివాళ్ల చీర. మరకుంటే నేయించే షావుకారు తీసుకోడు, అత్తమ్మ ఇన్నాళ్ల కష్టం వృథా. నూనె సంగతి తెలిసినదాన్ని కదా. ముఖానికేసే పౌడరు తెచ్చి మరకల మీద కుమ్మరించాను.

"చీరెకు గూడ ముస్తాబు చేస్తున్నవా?" అంది అత్తమ్మ.

"జర ఆగుండ్రి, జిడ్డంతా గుంజుకుంటది."

మధ్యాహ్నం మెత్తటి బట్టతో దులిపితే మరకలు లేవు. అత్తమ్మ వంగి చూసి, మళ్లీ నేత అందుకుంది.

సాయంత్రం మగ్గం దిగాక తనే చేతులు చాపింది. "ఇప్పుడు రాయి. గోలీలు మాత్రం జర తక్కువెయ్యి."

క్రీములో ఏం కలపాలో నాకు ముందే తెలుసు. ఎప్పుడు రాయాలో అత్తమ్మ చేతుల్లో పడ్డాక తెలిసింది.