దిగబడిన ట్రాక్టరు

ఎనభైల నాటి మాట. నేను ఇంటర్ చదువుతున్నాను. మాది పెదకాకాని దగ్గర నల్లరేగడి పల్లె. నాన్న మా ఎడ్లను ఊళ్ళోనే ఉండే ఏసుదాసుకు అమ్మేసి ట్రాక్టరు కొన్నాడు. ఆ ఏడు మిరపకాయలు కల్లంలో ఉండగానే అకాల వాన పడింది.

"ట్రాక్టరుందిగా, భయమేంటి!" అంటూ నాన్న తడవకుండా మిగిలిన బస్తాలు ట్రాక్టరు వెనక ట్రక్కులో వేయించి బయల్దేరాడు. కల్లం దాటకుండానే దిగబడ్డాం. గాడుల్లో రేగడి బంక నిండి టైర్లు నున్నగా అయిపోయాయి. కింద పత్తికట్టె వేసినా చక్రాలు ఉన్నచోటే తిరిగి ఇంకా కూరుకుపోయాయి. మళ్ళీ మబ్బు కమ్ముకొస్తోంది.

కబురు పెట్టకుండానే ఏసుదాసు ఎడ్లను తోలుకొచ్చి ట్రాక్టరు ముందు కట్టాడు. ఎంత అదిలించినా అవి కదల్లేదు.

"నా మాట ఇనట్లేదండీ. మీరే పిలవండి," అన్నాడు.

నాన్న స్టీరింగు పట్టుకుని తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే, "హై... రాముడూ! లచ్చన్నా!" అన్నాడు. ఆ గొంతు వినగానే ఎడ్లు మెడలు వంచి లాగాయి. ట్రాక్టరు గట్టెక్కింది.

పంట దక్కింది. కానీ ఏసుదాసు తోలుకెళ్తుంటే ఎడ్లు మా దొడ్డి ముందు ఆగి, లోపలికి రాబోయాయి.

"తలుపెయ్యరా," అన్నాడు నాన్న, అటు చూడకుండా.

వేశాను. చాలాసేపు తలుపు అవతల మెడగంటలు మోగుతూనే ఉన్నాయి.