గూటానికి రెండు గుడ్డలు

ఆ రోజు ఆరు సార్గు చేపలు పట్టిన ఎర్మీనియు, గూటానికి కట్టిన ఎర్రగుడ్డ విప్పకుండా ఇంటికి వచ్చేశాడు.

సాగ్రెష్ ఊరికి ఉత్తరాన ఉన్న ఆ తీరంలో ఇలాంటి పొరపాటు ఎవరూ చెయ్యరు. కొండ అంచున ఇనప గూటం, దానికి మోకు. మోకు పట్టుకుని దిగితే అడుగున గాడిద వీపు అనే రాతి అరుగు. దిగే ప్రతివాడూ తన గుడ్డ గూటానికి కట్టి దిగుతాడు, పైకొచ్చాక విప్పి జేబులో పెట్టుకుంటాడు. గుడ్డ ఉందంటే కింద మనిషి ఉన్నాడు. పొద్దుగూకే వేళకీ గుడ్డ ఉందంటే ఆ మనిషి తనంతట తాను పైకి రాలేడు. చూసినవాడు దిగి తీరాలి. ఆ గుడ్డ ఎవరిదైనా సరే.

ఈ వేట చలికాలంలోనే. సముద్రం రేగి రాళ్ల చుట్టూ నురగ పొంగితే సార్గులు ఆ నురగలోకి మేతకొస్తాయి. సముద్రం మరీ నెమ్మదిగా ఉంటే చేప రాదు, మరీ రేగితే మనిషి తిరిగి రాడు. ఆ రెండింటికీ మధ్య దొరికే రోజులు కొన్నే. తాపీపని మానేశాక ఎర్మీనియు ఆ కొన్ని రోజుల కోసమే బతుకుతున్నాడని ఊళ్లో అంటారు. అతను కాదనడు.

భార్య దెవులిందా ఉన్నన్నాళ్లూ, అతను గుమ్మంలో అడుగుపెడితే చేపల సంగతి అడిగేది కాదు. "గుడ్డ?" అనేది. జేబులోంచి తీసి చూపిస్తే అప్పుడు సూపు వడ్డించేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. అడిగేవాళ్లు లేకపోయినా గుమ్మంలో ఒకసారి జేబు తడుముకోవడం అతనికి అలవాటు. ఆ రోజు మాత్రం పైకెక్కేసరికి వాన అందుకుంది. ఒక చేతిలో చేపల సంచి, ఇంకో చేతిలో పొడుగాటి గాలం కర్ర, దాన్ని గాలి లాగేస్తోంది. తల వంచుకుని నడిచాడు. చేపలు కడిగి, ఆకుకూర సూపు వేడిచేసి, బల్ల ముందు కూర్చోబోతూ జేబులో చెయ్యి పెట్టాడు. ఖాళీ.

ముందు సిగ్గేసింది. తర్వాత వచ్చిన ఆలోచన ఇంకా సిగ్గుచేటు. ఆ గుడ్డ ఎవరైనా చూస్తారా? చూస్తే ఈ వానలో తన కోసం దిగుతారా? ఫారో పట్నంలో ఉన్న కూతురు ఆదివారాల్లో ఫోన్ చేస్తుంది. ఇవాళ మంగళవారం. నిజంగానే తను కింద కాలు విరిగి పడుంటే? ఎవరైనా వస్తారో లేదో తేల్చుకుందామన్నట్టు అలాగే కూర్చున్నాడు. వీధిలో ఒక కారు వెళ్లింది, ఆగలేదు. సూపు చల్లారి తెట్టు కట్టడం మొదలైంది.

ఇలాంటి వానలో దిగే అవకాశం ఉన్నవాడు ఊళ్లో ఒక్కడే. జసింతు. అతనితో మాటల్లేవు.

గాడిద వీపు మీద నిలబడే చోట్లు రెండు. ముందు రాయి నురగ మీదకి ఉంటుంది, చేపంతా అక్కడే. వెనక రాయి మీద నిలబడితే ఎర నానడమే తప్ప గాలం తాడు కదలదు. ఇరవై ఏళ్లు ఇద్దరూ రోజు విడిచి రోజు రాళ్లు మార్చుకున్నారు. ఎర్మీనియు కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు జసింతు, ఆ వరసన ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు. దెవులిందా ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ జసింతు ఒక్కడే దిగాడు, ముందు రాయి మీదే నిలబడ్డాడు. అందులో తప్పేం లేదు. ఆవిడ పోయిన ఏడోరోజు చర్చిలో పూజ అయ్యాక ఎర్మీనియు మళ్లీ దిగితే, ఇవాళ వంతు కూడా తనదేనన్నాడు జసింతు. నువ్వు రానంత మాత్రాన వంతు ఆగుతుందా, లెక్కేసుకో, అన్నాడు. నేను లేని రోజులు లెక్కలోకి రావన్నాడు ఎర్మీనియు. అంతే. అప్పట్నించి ఒకడి గుడ్డ కనిపిస్తే రెండోవాడు గూటం దగ్గర్నించే వెనక్కి తిరుగుతాడు. కాఫీ కొట్టు జుల్మీరా, మీ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ కుర్చీకి కూడా కాఫీ పొయ్యమంటారా అని చాలాసార్లు దెప్పింది. ఇద్దరూ వినిపించుకోలేదు.

పోటు సమయం గుర్తొచ్చాక ఎర్మీనియు లేచాడు. ఎవడైనా దిగితే, అక్కడ లేని మనిషి కోసం వెతుకుతూ ఉండిపోతాడు. నీళ్లు అరుగు మీదకి వచ్చేస్తాయి. టార్చిలైటు తీసుకుని, చొక్కా మీద చొక్కా తొడుక్కుని, పడమట ఇంకా కాస్త వెలుతురుండగానే కొండ ఎక్కాడు.

గూటానికి ఎర్రగుడ్డ తడిసి అంటుకుపోయి ఉంది. దాని పక్కన నీలంగుడ్డ. పాత పనిబట్టల్లోంచి కత్తిరించిన ఆ నీలం ఎవరిదో అతనికి తెలుసు.

అంచు దగ్గర బోర్లా పడుకుని కిందకి చూశాడు. అరుగు చివర ఒక లైటు వంగి వంగి రాతి సందుల్లో వెతుకుతోంది. తన పేరు పెట్టి పిలుస్తున్నట్టు గాలిలో ఒక ముక్క వినిపించింది. అరుగు మీంచి మోకు దగ్గరికి రావాలంటే అలలు మీంచి దూకే పలక రాయి దాటాలి. పలక దాటేవాడికి రాబోయే అల కనపడదు, పైవాడికి కనపడుతుంది. అందుకే ముందు పైకెక్కినవాడు అంచున ఉండి రెండోవాడికి అరిచి చెప్పేవాడు. ఆ ఇరవై ఏళ్లూ అవే రెండు మాటలు. ఎర్మీనియు టార్చి ఊపాడు. కింద లైటు పైకి తిరిగింది, పలక రాయి వైపు కదిలింది.

"ఉండు!" అరిచాడు ఎర్మీనియు.

లైటు ఆగిపోయింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి పలక రాయి మీంచి వెళ్లాయి.

"రా."

లైటు దాటింది. మోకు బిగుసుకుంది.

జసింతు పైకొచ్చి గూటం పక్కన చతికిలబడ్డాడు. నడుం దాకా తడిసిపోయాడు.

"చచ్చావనుకున్నా," అన్నాడు రొప్పుతూ.

"వానలో గుడ్డ మర్చిపోయా."

"సంచి లేదు, కర్ర లేదు. సముద్రం లాక్కుపోయిందనుకున్నా. సందు సందూ వెతికా."

"మా ఇంటికి ఫోన్ చెయ్యాల్సింది. సూపు ముందు కూర్చునున్నా."

"మనకి మాటల్లేవుగా."

ఎర్మీనియు గుడ్డలు రెండూ విప్పి, నీలంది అతని చేతిలో పెట్టాడు. జసింతు దాన్ని పిండి, ఎన్ని పడ్డాయని అడిగాడు.

"ఆరు."

"ఏ రాయి మీద?"

"ముందు రాయి."

"ఇవాళ వంతు నాది," అన్నాడు జసింతు, లేస్తూ.

సూపు ఉంది, రమ్మన్నాడు ఎర్మీనియు. ఇంట్లో ఎదురుచూస్తుంటారన్నాడు జసింతు. దారి చీలే చోట ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఎర్మీనియు సూపు మళ్లీ వేడిచేసి, ఎర్రగుడ్డ పొయ్యి పక్కన ఆరేసి, దానికెదురుగా కూర్చుని తిన్నాడు.

రెండు రోజులు సముద్రం ఎవర్నీ దిగనివ్వలేదు. శుక్రవారం అతను వెళ్లేసరికి గూటానికి నీలంగుడ్డ ఉంది. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు, నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి దాని పక్కనే తన ఎర్రగుడ్డ కట్టి దిగాడు. పలక రాయి దగ్గర అతను ఆగగానే, ముందు రాయి మీంచి అలల్ని చూస్తూ, ఇటు తిరక్కుండానే జసింతు "ఉండు" అన్నాడు. అల వెళ్లాక "రా" అన్నాడు. ఇవాళ ఎవరి వంతో లెక్కెయ్యకుండా ఎర్మీనియు వెళ్లి వెనక రాయి మీద నిలబడ్డాడు.

సాయంత్రానికి జసింతు సంచిలో ఐదు చేపలు, ఎర్మీనియు సంచిలో ఒకటి.