మిల్లు గేటు దగ్గర ఇన్సాఫ్

ఈజిప్టులోని మహల్లా పట్టణంలో మా బట్టల మిల్లు పొద్దుటి షిఫ్టు ఏడున్నరకు మొదలై మూడున్నరకు వదులుతుంది. ఇరవై ఆరేళ్ళు నేను అందులో నూలు విభాగంలో పనిచేశాను. షిఫ్టు వదిలాక సరాసరి ఇంటికి వెళ్ళిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కూరగాయల బజారు, రొట్టెల కొట్టు దగ్గర వరస, ఆ తర్వాత మెట్లు. మాది రెండో అంతస్తు. మా పైన ఇన్సాఫ్ వాళ్ళు.

ఇన్సాఫ్‌కు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త షాబాన్ మా మిల్లులోనే మగ్గాల షెడ్డులో మేస్త్రీ. ముగ్గురు పిల్లలు. వాళ్ళతోపాటే అత్తగారు బహియా. మక్కా వెళ్ళివచ్చిన మనిషి కాబట్టి అందరం ఆమెను హగ్గా అనేవాళ్ళం. ఇన్సాఫ్ ఎప్పుడూ ఉద్యోగం చేయలేదు. చేయలేదని బాధపడినట్టూ నాకు తెలియదు.

ఒక గురువారం బజారు నుంచి మూడు కిలోల కూసాకాయలు, అంటే దోసకాయల్లాంటి చిన్న సొరకాయలు, లేత వంకాయలు మోసుకొచ్చి మెట్లమీద కూలబడ్డాను. మా చిన్నవాడు వారంరోజులుగా మహ్షీ కావాలని ప్రాణం తీస్తున్నాడు. మహ్షీ తినడానికి పది నిమిషాలు. ఆ కాయలన్నీ కడిగి, లోపలి గుజ్జు తొలిచి, బియ్యమూ టమాటా ముద్దా కూరి, గిన్నెలో నిలబెట్టి పేర్చేసరికి రెండు గంటలు. కాయల వంక చూస్తుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. అప్పుడే చెత్తబుట్ట పట్టుకుని ఇన్సాఫ్ దిగుతోంది.

"ఏమైందక్కా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఈ కాయల్ని చూస్తే ఏడుపొస్తోంది."

ఆమె పకపకా నవ్వింది. "కాయలకే ఇంత ఏడిస్తే మొగుడికేం మిగుల్తుందే తల్లీ? ఇలా తే."

సంచీ లాక్కుని పైకి పోయింది. సాయంత్రం నమాజు పిలుపు వినబడే వేళకు గిన్నె నిండా కూరిన కాయలు తెచ్చి నా పొయ్యిమీద పెట్టింది. నేను చేయాల్సిందల్లా మాంసం ఉడికించిన నీళ్ళు పోసి మంట వెలిగించడమే.

మర్నాడు శుక్రవారం, సెలవు. శనివారం మిగిలిన నాలుగు కాయలు మిల్లుకు తీసుకెళ్ళాను. నా పక్క యంత్రం మీద పనిచేసే పిల్ల ఒకటి నోట్లో వేసుకుని, "ఎవరు చేశారు? నువ్వైతే కాదు," అంది. ఆ వారంలోనే ముగ్గురు అడిగారు, మాకూ చేసి ఇస్తుందా అని. డబ్బిస్తాం అని కూడా వాళ్ళే అన్నారు.

మా ఇళ్ళ గోడలు పల్చన. ఆ సంగతి నేను ఇన్సాఫ్‌కు చెప్పిన రోజు పైన జరిగిన మాటలన్నీ నేను కూర్చున్నచోటికే వినిపించాయి.

"నా పెళ్ళాం ఊళ్ళోవాళ్ళకి వండిపెడుతోందని షెడ్డంతా నవ్వుద్ది," అన్నాడు షాబాన్.

"మగ్గాల మోతలో ఎవరి నవ్వు ఎవరికి వినపడుద్దయ్యా?"

"ఎగతాళి చెయ్యకు."

"ఎగతాళి కాదు. పెద్దదాని చదువు ముందుంది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. చెయ్యొద్దంటే ఎందుకు చెయ్యకూడదో చెప్పు."

అతను, "చేస్తే చెయ్యి. మిల్లులో మాత్రం నా పేరు రాకూడదు. నువ్వు ఆ గేటు ఛాయలకి కూడా రాకూడదు," అన్నాడు.

ఇన్సాఫ్ ఒప్పుకుంది. మేమూ అతని పేరు ఎత్తకుండా, 'మూడో అంతస్తు మహ్షీ' అనేవాళ్ళం.

పిల్లలు బడికి వెళ్ళగానే ఆమె ముందుగదిలో తివాచీ చుట్టి మూలన నిలబెట్టి, నేలమీద ప్లాస్టిక్ గుడ్డ పరిచేది. ఆమె కాయ తొలవడం చూడాల్సిందే. కాయ అరచేతిలో తిరుగుతూ ఉంటుంది, తొలిచే పుల్ల లోపల తిరుగుతూ ఉంటుంది, గుజ్జు ఒకే పోగులా బయటికి వస్తుంది. తొక్క కాగితమంత పల్చన, అడుగు మాత్రం చిరగదు. ముప్పాతికకు మించి కూరేది కాదు. "బియ్యానికి ఊపిరాడాలక్కా," అనేది.

హగ్గాకు ఇదేమీ గిట్టలేదు. "పద్దెనిమిదేళ్ళలో నా కొడుక్కి ఒక్కరోజు వేళకి అన్నం పెట్టలేదు గానీ ఊరందరికీ వండుద్దట," అని గోడతో చెప్పేది. ఒకరోజు కోడలు బియ్యం పెట్టి చుట్టిన ద్రాక్షాకులు చూసి ఉండబట్టలేకపోయింది. "ఇవేంటే, ద్రాక్షాకులా, పొగాకు చుట్టలా? జరుగు." అని తనే కూర్చుని చిటికెన వేలంత సన్నగా చుట్టింది. తిట్టడం మానలేదు, లేవనూ లేదు. ఆ రోజునుంచి ఆకులు చుట్టే పని ఆమెదే.

ఇలా ఏడాది గడిచింది. మరుసటి వేసవిలో జూన్ నెల నిప్పులు చెరిగింది. రోజూ రెండేసి గంటలు కరెంటు పోయేది. ఒక బుధవారం పద్నాలుగు ఇళ్ళకు మహ్షీ కావాలన్నారు. ముందురోజు సాయంత్రం ఇన్సాఫ్ టమాటా ముద్ద చల్లారకముందే బియ్యంలో కలిపి, కాయల్లో కూరి, పళ్ళేలు ఫ్రిజ్‌లో ఒకదానిమీద ఒకటి ఇరికించింది. కరెంటు పోయింది. పొద్దున్నే షిఫ్టు మొదలుకాకముందు, పెద్దకూతురు షాహిందాతో కలిసి అన్ని ఇళ్ళకూ పంచి వచ్చింది.

పది గంటలకు తమకోసం ఉంచుకున్న పళ్ళెం మూత తీసింది. పులిసిన వాసన. ఒక కాయ చీల్చి చూస్తే బియ్యం మధ్య సన్నని నురగ.

హగ్గా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఉడికితే పోద్దేమోలే. మసాలా ఉందిగా."

"పోకపోతే? పిల్లలు తింటారత్తా."

చెప్పులేసుకుని బయల్దేరింది. ఐదిళ్ళలో మనుషులున్నారు. వాళ్ళ పళ్ళేలు వెనక్కి తెచ్చి, ఎదురుగానే చెత్తలో పోసింది. ఒకింట్లో అప్పటికే పొయ్యిమీద ఉంటే, మంట ఆర్పి గిన్నెతో సహా ఎత్తుకొచ్చింది. మిగతా తొమ్మిదీ మిల్లు మనుషులవి. ఇళ్ళకు తాళాలు. మేము లోపలికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. మూడున్నరకు గేటులోంచి వేలమంది ఒక్కసారిగా బయటపడి, తలోదిక్కు మినీబస్సులెక్కి పోతారు. వాళ్ళను ఆపాలంటే ఆ గేటు దగ్గరే ఆపాలి.

భర్తకు ఇచ్చిన మాట గుర్తులేక కాదు. మూడింటికే వచ్చి నిలబడిందని చెరుకురసం కొట్టువాడు తర్వాత చెప్పాడు. రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్ళిపోయి మళ్ళీ వచ్చిందట.

నేను బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో షాహిందా రాసిచ్చిన పేర్ల కాగితం ఉంది. ముఖం పాలిపోయింది. పిలుస్తోంది గానీ, అన్ని కాళ్ళ చప్పుడులో ఆ గొంతు పది అడుగులు కూడా పోవడం లేదు. ఒక మినీబస్సు అప్పుడే కదిలింది. నేనూ అరిచాను. ఎవరూ వెనక్కి తిరగలేదు.

అప్పుడు షాబాన్ వచ్చాడు. చుట్టూ అతని షెడ్డువాళ్ళు పదిమంది. భార్యను చూసి ఆగిపోయాడు.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు.

"మహ్షీ పులిసిపోయింది. తొమ్మిదిళ్ళకి ఇచ్చాను. ఇప్పుడెళ్ళి వండేస్తారు." అంతే చెప్పింది. క్షమించమని అడగలేదు, మాట తప్పానని ఏడవలేదు.

పక్కనున్న ఒకడు నవ్వుతూ, "ఓహో! మూడో అంతస్తు అంటే మీ ఇల్లేనా మేస్త్రీ?" అన్నాడు.

షాబాన్ వాడివైపు చూడలేదు. భార్య చేతిలోని కాగితం తీసుకున్నాడు. గేటు పక్క సిమెంటు దిమ్మె ఎక్కాడు. ముప్పై ఏళ్ళు మగ్గాల మోత మీద అరిచి అరిచి రాటుదేలిన గొంతు అది.

"హనియ్యా! సామియా వాళ్ళమ్మా! మూడో అంతస్తు మహ్షీ తీసుకున్నవాళ్ళు ఆగండి! ఎవరూ వండొద్దు! మా ఇంట్లోనే చేశాం, పాడైంది!"

వీధి వీధంతా ఆగింది. కదిలిన మినీబస్సు కూడా ఆగింది. అతను ఒక్కో పేరూ చదివాడు, ఒక్కొక్కరూ చెయ్యెత్తారు. తొమ్మిదో మనిషి అందరికంటే ఆఖరున వచ్చింది. ఆమె దగ్గరికి వచ్చేదాకా అతను దిమ్మె దిగలేదు.

ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు వాళ్ళిద్దరి వెనకే నేనున్నాను. దారిలో అతను, "చల్లారకుండా ఎందుకు కలిపావు?" అని అడిగాడు. "తొందరపడ్డాను," అంది. "ఊఁ," అన్నాడు.

అంతా సుఖంగా ముగిసిందని చెప్పను. తొమ్మిదిమందిలో ముగ్గురు మళ్ళీ రాలేదు. ఒకామె క్యాంటీన్‌లో నోటికొచ్చినట్టు మాట్లాడింది. ఇన్సాఫ్ రెండు వారాలు కాయ ముట్టుకోలేదు. ఇక ఇంతే అనుకున్నాం. మూడో వారం మా తలుపు తట్టి రెండు పొట్లాలు చేతిలో పెట్టింది. ఒకదాంట్లో తొలిచిన కాయలు, రెండోదాంట్లో సోయికూర, కొత్తిమీర, మసాలా కలిపిన పొడి బియ్యం. "టమాటా నీ ఇంట్లో నువ్వే ఉడికించుకో అక్కా. కూరడం పావుగంట పని. ఇది పులవదు." ఆ పొట్లాలు మునుపటికంటే ఎక్కువ అమ్ముడుపోయాయి. పోయిన ముగ్గురికి బదులు ముప్పైమంది వచ్చారు. చాలామంది గేటు దగ్గర ఆ కేక విన్నవాళ్ళే. పాడైందని తనంతట తను చెప్పిన మనిషి దగ్గర కొనడానికి భయమెందుకు అనేవాళ్ళు.

షెడ్డులో షాబాన్‌ను కొన్నాళ్ళు ఏడిపించారు. తర్వాత వాళ్ళ ఇళ్ళకు కావలసినవి అతనికే చెప్పడం మొదలుపెట్టారు. అతను కాగితంమీద రాసుకొచ్చి భార్యకు ఇచ్చేవాడు. షాహిందా ఇప్పుడు తంతా నగరంలో ఫార్మసీ చదువుతోంది. మా వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళు తమ ఇళ్ళలోనే ఇన్సాఫ్ కోసం కాయలు తొలుస్తున్నారు. హగ్గాకు కళ్ళు సరిగా కనబడవు. ఆకు వేళ్ళతో తడిమి ఈనె ఎటుందో చూసుకుని చుడుతుంది, పక్కవాళ్ళు చుట్టినవి తడిమి మరీ తిడుతుంది.

మొన్న మార్చిలో నేను రిటైరయ్యాను. వారం తిరగకముందే ఇన్సాఫ్ వచ్చి, "ఖాళీగా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, పైకి రా," అంది. వెళ్ళాను. మొదటిరోజు పన్నెండు కాయలకు చిల్లులు పెట్టాను. సిగ్గుతో గిన్నె వెనక దాచబోయాను.

"దాచకక్కా," అంది ఆమె, తన చేతిలో కాయ తిరుగుతూనే ఉంది. "చిల్లులు పడ్డవన్నీ మా ఇంటికే. మా ఆయన ఇంతవరకూ ఒక్కటీ కనిపెట్టలేదు."